బాకీ తీరిన ఆటగాళ్ళు

అమెరికాలో బేస్‌బాల్ సీజన్ అక్టోబరు, నవంబరుకల్లా ముగుస్తుంది. చలికాలమంతా మైదానాలు ఖాళీ. కానీ జట్ల ఆఫీసుల్లో అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఎవరు ఉంటారు, ఎవరు పోతారు, పోయినవాళ్ళ చోటికి ఎవర్ని తేవాలి? పెద్ద లీగులో ఆరేళ్ళు పూర్తిచేసి, ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి అక్కడ 'ఫ్రీ ఏజెంట్' అంటారు. ఇది మన ఐపీఎల్ వేలంలాంటిది కాదు. వేలంలో ఎవరు ఎక్కువ పాడితే ఆటగాడు అటే పోవాలి. ఫ్రీ ఏజెంట్ దగ్గరికి మాత్రం జట్లే వస్తాయి, ఎవరికి సరే అనాలో అతనే తేల్చుకుంటాడు.

'మనీబాల్' సినిమా చూసినవాళ్ళు మన క్లాసులో కొందరు ఉన్నారు. అందులో కథ 2001 చలికాలంలో ఓక్లాండ్ జట్టుకు నిజంగా జరిగిందే. ఆ ఏడాది ఆ జట్టు 102 ఆటలు గెలిచింది. సీజన్ అయిపోగానే ముగ్గురు ముఖ్యమైన ఆటగాళ్ళు ఫ్రీ ఏజెంట్లయ్యారు. జేసన్ జియాంబీకి న్యూయార్క్ యాంకీస్ ఏడేళ్ళకి 12 కోట్ల డాలర్లు ఇస్తామంది. జానీ డేమన్ 3.1 కోట్లకు బోస్టన్ పోయాడు. ఇజ్రింగ్‌హాసెన్ 2.7 కోట్లకు సెయింట్ లూయిస్ పోయాడు. ఓక్లాండ్ జట్టు మొత్తానికి ఏడాది జీతాల ఖర్చే సుమారు 4 కోట్ల డాలర్లు. వాళ్ళని ఎట్లా ఆపగలదు?

సినిమా అయిపోయాక మా తమ్ముడు ఒకటే మాటన్నాడు: "పైసల కోసం పోయిండ్రు. గద్దార్లు." మా ఇంట్లో నాయనమ్మది తెలుగు, తమ్ముడిది మరాఠీ, మధ్యలో మేమంతా రెండూ. గద్దార్ అన్న మాట మాత్రం రెండిట్లో ఒకేలా గుచ్చుతుంది. నాకు ఆ మాట మింగుడుపడలేదు. దానికి కారణం మా నాయన.

నాయన సాంచాల మీద టవల్లు నేస్తాడు. సోలాపూర్ పూర్వభాగ్‌లో ఉండేవాళ్ళకి ఈ పని గురించి నేను చెప్పక్కర్లేదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాయనమ్మ ఆపరేషన్ కోసం సేటు దగ్గర 40 వేలు ముందుగా తీసుకున్నాడు. ఆ బాకీ తీరేదాకా వేరే కార్ఖానాకి పోవడానికి లేదు. రెండేళ్ళ తర్వాత ఇంకో సేటు కూలి కొంచెం ఎక్కువ ఇస్తానని పిలిచాడు. మిగిలిన బాకీ ఆయనే పాత సేటుకి కట్టాడు. నాయన కార్ఖానా మారాడు, బాకీ కూడా ఆయన వెంటే వచ్చింది. చీటీ మీద సేటు పేరు ఒక్కటే మారింది. ఆ తర్వాత దగ్గు ఎక్కువై రాత్రిపాళీ లేనిచోటికి పోతానంటే, "బాకీ కట్టి పో" అన్నాడు కొత్త సేటు. నాయన పోలేదు.

కోట్ల డాలర్ల ఆటగాళ్ళతో నాయనకి పోలిక ఏంటని మీకు అనిపించవచ్చు. కానీ ఆ ఆటగాళ్ళు కూడా ఒకప్పుడు కట్టుబడి ఉన్నవాళ్ళే. 'రిజర్వ్ క్లాజ్' అనే షరతు ఒకటి ఉండేది. ఒకసారి సంతకం పెడితే, ఒప్పందం ముగిసినా ఆటగాడు ఆ జట్టువాడే. జట్టు తనంతట తాను అతన్ని ఇంకో జట్టుకు ఇచ్చేయవచ్చు, అతను మాత్రం తనంతట తాను పోలేడు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చేసింది. పన్నెండు సీజన్లు ఆ జట్టుకి ఆడిన నల్లజాతి ఆటగాడాయన. నేను పోను అన్నాడు. ఏడాదికి 90 వేల డాలర్ల జీతం వదులుకొని కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టు 5–3తో ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అప్పటికే ఆయన ఆట ముగిసిపోయింది. మూడేళ్ళ తర్వాత, 1975 డిసెంబరులో, మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇంకో ఇద్దరు ఆటగాళ్ళ కేసులో ఆ షరతును తెంచేశాడు. ఇప్పటి ఫ్రీ ఏజెంట్లంతా ఆ తలుపులోంచే వస్తున్నారు. ఫ్లడ్‌కి మాత్రం అది అందలేదు.

ఆటగాళ్ళకి స్వేచ్ఛ ఇస్తే ఆటే నాశనమవుతుందని యజమానులు అప్పట్లో వాదించారు. మరి ఆ ముగ్గురూ పోయాక ఓక్లాండ్ ఏమైంది? జనరల్ మేనేజరు బిల్లీ బీన్ ఇంకో జియాంబీ కోసం వెతకలేదు. బంతిని దూరం కొట్టేవాళ్ళకే అందరూ డబ్బు పోస్తుంటే, ఔట్ కాకుండా ఎట్లాగైనా బేస్ చేరేవాళ్ళు చవగ్గా దొరుకుతున్నారని గమనించాడు. అట్లా దొరికినవాడే స్కాట్ హాటీబర్గ్. మోచేతి నరం దెబ్బతిని, క్యాచర్‌గా బంతి విసరలేని మనిషి. బోస్టన్ అతన్ని కొలరాడోకి ఇస్తే, కొద్దిరోజుల్లోనే కొలరాడో కూడా వదిలేసింది. ఓక్లాండ్ అతన్ని ఎప్పుడూ ఆడని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టింది. 2002 సెప్టెంబరు 4న, 11–0తో ముందున్న ఆట 11–11 అయ్యాక, హోమ్‌రన్ కొట్టి గెలిపించింది అతనే. అది వరసగా ఇరవయ్యో గెలుపు. ఆ ఏడాది జట్టు 103 ఆటలు గెలిచింది, ఆ ముగ్గురూ ఉన్నప్పటికంటే ఒకటి ఎక్కువ.

హాటీబర్గ్ కథలో ఇంకో సంగతి కూడా ఉంది. స్వేచ్ఛ ఉన్నా, పిలిచేవాళ్ళు ఉండాలి. పిలుపు రాని ఆటగాళ్ళు ప్రతి చలికాలం ఫోను పక్కన పెట్టుకొని కూర్చుంటారు. నలభై ఆరేళ్ళ సాంచా కార్మికుడికి ఆ భయం ఇంకా పెద్దది.

మొన్న దీపావళికి నాయన బాకీ తీరింది. రెండు కార్ఖానాల నుంచి పిలుపొచ్చింది. అక్కల్‌కోట్ రోడ్డులో పగటిపాళీ ఉన్నచోటికి పోతానన్నాడు. అక్కడి సేటు మొదట అడిగింది "అడ్వాన్స్ ఎంత కావాలె?" అని. "ఏమొద్దు. వారం కూలి వారం ఇస్తే చాలు" అన్నాడట నాయన. ఆ మాట అన్నందుకు నా ఈ ఏడాది ఫీజు అమ్మ బీడీల కూలిలోంచి రెండు విడతలుగా కట్టాల్సి వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు.

పాత సేటు మాత్రం అన్నాడట: "ఇన్నేళ్ళు తిండి పెడితే ఇప్పుడు పోతున్నావా?" నాయన జవాబు చెప్పలేదు. టిఫిన్ డబ్బా తీసుకొని బయటికొచ్చాడు. రాత్రి ఈ సంగతి చెప్తుంటే తమ్ముడు పక్కనే కూర్చొని విన్నాడు. గద్దార్ అనలేదు. "అక్కడ పాళీ ఎన్నింటికి నాయనా?" అని మాత్రం అడిగాడు.