పరిచర్యలో మర్యాద

మదనపల్లె పట్టణమునకు కొలదిదూరములో ఆరోగ్యవరమను చోటు కలదు. క్షయరోగుల చికిత్సకై పలు క్రైస్తవ మిషనులు కలసి అచ్చట నొక శానిటోరియమును నెలకొల్పినవి. 1912లో చిన్నగా ఆరంభమైన యీ పని 1915లో ఆరోగ్యవరమున స్థిరపడెను. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధిపతి. క్షయను కుదుర్చు మందు అప్పటి కింకను లేదు. స్ట్రెప్టోమైసినును 1943లో గాని కనుగొనలేదు. కావున స్వచ్ఛమైన గాలి, బలమైన ఆహారము, పూర్ణ విశ్రాంతి, ఇవియే నాటి శానిటోరియములలో ప్రధాన చికిత్సగా నుండెను.

నెలల తరబడి మంచము పట్టియుండుట యనగా నేమి? మొగము కడుగుట, తల దువ్వుట, బట్ట మార్చుట, మలమూత్ర విసర్జనము, ఇట్లు మనము తలుపు మూసికొని చేసికొను పనులన్నియు పరుల చేతిమీదుగా జరుగవలెను. నిన్నటివరకు పదిమంది కూలీలకు పని పురమాయించిన పెద్దరైతు నేడు చెంబెడు నీళ్లకు మరియొకరి మొగము చూడవలెను. దగ్గు తగ్గినదా యని అందరును అడుగుదురు. సిగ్గుగా నున్నదా యని అడుగువారు అరుదు.

వైద్యుల మెడలో వ్రేలాడు స్టెతస్కోపు ఆ సిగ్గును మన్నించుట చేతనే పుట్టినది. రోగి రొమ్మున చెవి యానించి గుండె చప్పుడు వినుట పూర్వపు పద్ధతి. 1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యునియొద్దకు గుండెజబ్బుతో నొక యువతి వచ్చెను. ఆమె రొమ్మున చెవి యానించుట ఆయనకు ఉచితముగా తోచలేదు. కాగితములను గొట్టముగా చుట్టి, ఒక కొనను ఆమె రొమ్మునను, రెండవ కొనను తన చెవికిని ఆనించెను. చప్పుడు మునుపటికంటె స్పష్టముగా వినవచ్చెను! మర్యాదకై వెదకిన యుపాయము వైద్యమునకే మేలు చేసినది. ఆ లెనెక్ 1826లో క్షయరోగముతోనే మరణించెను.

రోగి మన మాట వినుటకు తల త్రిప్పుకొన నక్కరలేకుండ అతనికి కనబడునట్లు కూర్చుండవలెనని ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువడిన తన గ్రంథమున చెప్పినది. రోగి గదిలో గాని, గుమ్మమునొద్ద గాని గుసగుసలాడరాదనియు ఆమె హెచ్చరించినది. గుసగుసలు వినబడిన రోగి, అవి తన్ను గూర్చినవే యని బెంగపడును గదా!

1956లో మద్రాసున ఆరంభమైన పరిశోధన, మందులు క్రమముగా వాడిన క్షయరోగి యింటనే కోలుకొనగలడని 1959లో తేల్చినది. ఇట్లు క్షయరోగి పరిచర్య ఇంటికి వచ్చినది. పక్షవాతము, ఎముక విరుగుట, ముదిమి, వీనివలన మంచము పట్టినవారికి ఇల్లే మొదటినుండియు ఆస్పత్రి. అచ్చట చదువుకొన్న నర్సు ఉండదు. చేయి ఖాళీగా నున్నవారే నర్సు.

పుంగనూరులో అట్టి యిల్లొకటి యున్నదనుకొందము. ఆ యూరి పేరు మోసిన పొట్టి ఆవులను సాకిన అవ్వ పశువుల కొట్టములో జారిపడి తుంటి విరుగగొట్టుకొన్నది. శస్త్రచికిత్స యైనది. కాని నాలుగు దినములుగా ఆమె స్నానము వలదనుచున్నది. “ముసలితనముతోపాటు మొండితనమును వచ్చినది” అని చిన్నాయన విసుగుకొనును. కోడలికి నూరు పనులు. ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలు మంచము ప్రక్కన కూర్చుండి, “ఎందుకవ్వా వలదంటివి?” అని మెల్లగా నడిగినది. అవ్వ కొంతసేపటికి, “పెరటిలో కూర్చుండబెట్టుచున్నారు పాపా. ఎదురింటి మిద్దెమీదినుండి అంతయు కనబడును” అన్నది. బ్రతుకంతయు కోడికూతకు ముందే చీకటిలో నీళ్లు పోసికొన్న మనిషి ఆమె. ఈ మాట ఎవరును అడుగలేదు, ఆమె చెప్పనులేదు.

మరునాడు పెరటిలో పాత దుప్పటి యొకటి తెరగా కట్టిరి. తెల్లవారకముందే నీళ్లు కాచిరి. పైభాగము కడుగునపుడు క్రిందిభాగమును, క్రిందిభాగము కడుగునపుడు పైభాగమును తువ్వాలుతో కప్పియుంచిరి. మొగము, చేతులు అవ్వయే కడుగుకొన్నది. చేయి అందని వీపు మాత్రము మనుమరాలు రుద్దినది. పని అరగంట ఆలస్యమైనది. ఆ యరగంట ఉచితముగా రాలేదు. కోడలు ఆనాడు పొయ్యి ఆలస్యముగా రాజేసినది, బడిపిల్ల గంట కొట్టిన తరువాత బడి చేరినది. మర్యాదకు ఖర్చు లేదనుట సరికాదు.

ఇష్టము విషయము ఇంతకంటె చిక్కైనది. కదలలేనివారిని సుమారు రెండేసి గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పనిచో వీపున పుండ్లు పడును. నడిరేయి లేపవలదని అవ్వ కసరుకొన్నయెడల ఏమి చేయవలెను? బలవంతముగా త్రిప్పుట మోటు. సరే యని ఊరకుండుట నిర్లక్ష్యము. పుండు ఏల పడునో ఆమెకు తెలియజెప్పవలెను. ఏ ప్రక్కకు తిరుగుదువు, ఎవరు త్రిప్పవలెను అని అడుగవలెను. అప్పటికిని ఒప్పుకొననిచో వైద్యునితో ఆలోచింపవలెను. అన్నివేళల పనికివచ్చు సులభమైన జవాబు దీనికి లేదు.

చూడవచ్చిన చుట్టములకు అవ్వ పక్క ఎన్నిమారులు తడిసినదో లెక్క చెప్పువారు కలరు. మంచముపై నున్న ఆమెను సెల్‌ఫోనుతో ఫొటో తీసి బంధువులందరికి పంపువారును కలరు. ప్రేమతోనే పంపుదురు. ఆ తల చెదరిన రూపమును పదిమంది చూచుట ఆమెకు సమ్మతమా యని మాత్రము అడుగరు.

అడుగుటయు అర్థమగు భాషలో నుండవలెను. కుప్పము తెలుగు, తమిళము, కన్నడము కలియు చోటు. అచ్చటి సంతలో నిలుచుండిన మూడు భాషలును చెవిని పడును. అట్టిచోట రోగికి రాని భాషలో “చొక్కా విప్పుదునా?” అని అడిగి, అతడు భయముతో తల యూచిన, దానిని సమ్మతి యనరాదు. కుప్పమున వైద్యకళాశాలయు కలదు. వైద్యవిద్యార్థులు రోగిని చూచియే నేర్చుకొనవలెను, అది తప్పదు. కాని పదిమంది మంచము చుట్టు నిలుచుటకు ముందు తెర లాగుటకును, రోగిని అడుగుటకును ఎంతసేపు పట్టును?

పొరుగున నున్న కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన పుట్టస్వామిగారి వ్యాజ్యములో, ఆంతరంగికత ప్రతివాని ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ యేడే వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, చికిత్సాలయమున నున్నవారికి బలవంతముగా గుండు గీయరాదనియు, వారు కోరినచో సొంత బట్టలు కట్టుకొననీయవలెననియు శాసించినది. చట్టము బట్టలమాట ఎత్తుట కొందరికి వింతగా తోచవచ్చును. మంచము పట్టినవారికి తోచదు.

పుంగనూరు ఇంటిలో స్నానము ముగిసినది. మనుమరాలు చేతికందిన నూలుచీర తెచ్చినది. అవ్వ దానిని చూచి, “ఇది వలదు పాపా, పెట్టెలో అడుగున నున్న పచ్చచీర” అన్నది. పెట్టె పైని బియ్యపు మూటలున్నవి. బడికి వేళ మించిపోవుచున్నది. పిల్ల ఒక్కక్షణము నిలిచి, చీరను మడిచి ప్రక్కనుంచి, మూటలు దించసాగినది.