మనిషికి ఐదు ఫొటోలు

పోయిన నెలలో సెలవూ, సంతా ఒకే రోజు కలిసి వచ్చాయి. వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకున్నారు కాబట్టి మా 9వ తరగతి వాళ్ళం అరకు దాకా నడిచి వెళ్ళాం. సైన్సు మేడమ్ గారు తన ఫోను ఇచ్చి, మనిషికి ఐదు ఫొటోలే తియ్యాలి అన్నారు.

ఐదే అంటే చాలా కష్టం. ఒకమ్మాయి మొదటి మలుపులోనే మేకపిల్లని నాలుగు తీసేసింది. ఎవరో అందరికీ తెలుసు, పేరు రాయను. ఇంక ఒక్కటే ఉందని పద్మాపురం తోట దాకా ఏడుపు మొహమే. ఆ తోట 1942లో యుద్ధంలో సైనికులకి కూరగాయలు పండించడానికి పెట్టారట. ఇప్పుడు అక్కడ ఎటు చూసినా ఫొటోలు తీసుకునేవాళ్ళే.

దారిలో వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు ఉన్నాయి. పట్నం వాళ్ళు చేలోకి దిగి తొక్కేస్తారు. అందుకే కొందరు రైతులు ఫొటోకి ఇంత అని డబ్బులు తీసుకుంటున్నారు. నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది. వాళ్ళు వలిసెలు వేసింది నూనె గింజల కోసం కదా. 2017 నుండి విశాఖ రైలుకి అద్దాల పెట్టె కూడా వచ్చింది. అందులోంచి మనల్నీ తీస్తారు, మనం చేతులు ఊపుతాం. ఎంతమంది ఫోన్లలో ఉన్నామో!

ఇంకో సంగతి. సూర్యుడు వెనక ఉన్నవాళ్ళ మొహం నల్లగా వస్తుంది. ఎదురుగా ఉంటే కళ్ళు మూసుకుపోతాయి. చెట్టు నీడలో తీస్తే బాగా వచ్చింది.

నేను మూడు ఫొటోలు దాచుకుని సంతకి వెళ్ళాను. మా అమ్మమ్మ అక్కడ పసుపు, పిప్పళ్ళు, కొండ చీపుళ్ళు అమ్ముతుంది. ముక్కుకి మూడు కమ్ములు ఉంటాయి కదా, అవి చూసి వచ్చినోళ్ళందరూ ఆమెని తీస్తారు. మా ఇంట్లో మాత్రం ఆధార్ కార్డు మీద ఉన్నదే, అందులో భయపడినట్టు ఉంటుంది. మా తాతకి అదీ లేదు. ఆయన పోయాక మా చిన్న తమ్ముడు, తాత ఎలా ఉండేవాడు అని అడిగితే అమ్మ మా మామయ్యని చూపించి, ఇలాగే, కొంచెం పొడుగు అంది.

ఫోను చూడగానే అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒద్దే. పంపుతామంటారు, ఎలిపోతారు. ఒకలూ పంపనేదు" అంది. నేను పంపను, చేతిలో పెడతాను అన్నాను. అప్పుడు నవ్వి, "ఉండు, ఈ బేరం అవనీ" అంది. ఆ బేరం చేస్తుండగా ఒకటి తీసేశాను. ఒకాయన పసుపు ధర తగ్గించమంటున్నాడు, అమ్మమ్మ తల అడ్డంగా ఊపుతోంది. తర్వాత తను కొంగు సర్దుకుని, కమ్ములు తుడుచుకుని, చింతచెట్టు కింద కర్రలాగ నిలబడితే ఇంకోటి తీశాను.

రెండూ చూపించాను. నాకు బేరం ఫొటోయే ఇష్టం. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "అది పసుపు అమ్మేదాని ఫొటో, ఇది నాది" అంది.

మేడమ్ గారు రెండూ స్టూడియోలో కడిగించి ఇచ్చారు. నిలబడ్డది సంక్రాంతి సెలవులకి ఇంటికి తీసుకెళ్తాను. బేరం ఫొటో ఈ కాగితం కింద అన్నంతో అంటించాను. వేళ్ళు పెట్టకండి, మరకలు పడతాయి.

- 9వ తరగతి విద్యార్థిని