చంద్రశిల ఎక్కని రోజు

రుద్రప్రయాగ దగ్గర అలకనందను వదిలి మందాకిని వెంట పడ్డాక కొండలు దగ్గరికి జరిగాయి. ఉఖీమఠ్ దాటి చోప్తా చేరేసరికి, మే నెలే అయినా స్వెట్టర్లు తీయక తప్పలేదు. రాత్రి వానకు రోడ్డు మీద కొండరాళ్లు జారి వాహనాలు గంటల తరబడి నిలిచిపోయాయి. తెల్లవారకముందే మొదలవ్వాల్సిన మా నడక పొద్దెక్కాక గానీ మొదలవలేదు.

ఆ కొండల్లో ఇది చిన్న తేడా కాదు. వేసవిలో ఉదయం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది. ఎండకు కొండవాలు వేడెక్కే కొద్దీ లోయల్లోని తడిగాలి పైకి పాకి, చల్లబడి, మబ్బు కడుతుంది. మధ్యాహ్నం దాటితే చాలాసార్లు ఉరుములు, వడగళ్లు. అందుకే చంద్రశిల శిఖరానికి వెళ్లేవాళ్లు చీకట్లోనే టార్చిలైట్లతో బయల్దేరి, పైన సూర్యోదయం చూసుకుని దిగిపోతారు.

చోప్తా నుంచి తుంగనాథ్ గుడికి సుమారు నాలుగు కిలోమీటర్లు, అంతా రాళ్లు పరిచిన దారే. మొదట బురాంశ్ చెట్ల నీడ. తర్వాత చెట్లు పలచబడి, అక్కడివాళ్లు బుగ్యాల్ అనే పచ్చిక బయళ్లు వస్తాయి. 7,138 మీటర్ల చౌఖంబా ఎదురుగా ఉన్నట్టే ఉండి, మేం గుడి చేరేలోపే మబ్బు చాటుకు పోయింది.

పంచ కేదారాల్లో తుంగనాథ్ ఒకటి. శివుడి బాహువులు ఇక్కడ వెలిశాయంటారు. దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి గాలి దిశ మారింది. గుడి నుంచి చంద్రశిల ఇంకో కిలోమీటరున్నర లోపే.

"ఇక పైకొద్దు బాబూజీ" అన్నాడు గైడ్.

"అదిగో, కనిపిస్తూనే ఉంది కదా బావా! ముప్పావుగంట పని" అన్నాడు మా బావమరిది. "అటు చూడు, వాళ్లు వెళ్తున్నారు."

నిజమే, అరడజను మంది కుర్రాళ్లు నవ్వుకుంటూ ఎక్కుతున్నారు. వాళ్లను చూశాక నా కాళ్లూ అటే లాగాయి. కొంచెం ఎక్కామో లేదో, పడమటి లోయలో మెరిసింది. లోపలే లెక్కపెట్టుకున్నాను. పన్నెండు అంకెలకు ఉరుము వినిపించింది. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. అంటే పిడుగు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండో మెరుపుకు ఆరే వచ్చాయి. ముప్పై రాకముందే ఉరిమితే తలదాచుకోవాలంటారు. ఆ పైన చెట్టు లేదు, కప్పు లేదు. కొండ వెన్ను మీద నిలబడ్డ మనిషే అన్నిటికన్నా ఎత్తు.

"దిగుదాం పదరా" అన్నాను. వాడు మారుమాట్లాడలేదు కానీ మొహం ముడుచుకున్నాడు.

దిగుతుంటే గైడ్ చెప్పాడు: చలికాలం రాగానే తుంగనాథుడి ఉత్సవమూర్తి పల్లకీలో కిందనున్న మక్కూమఠ్‌కు వెళ్తాడట, మంచు కరిగాకే తిరిగొస్తాడట. వాతావరణం చూసి కిందికి దిగడం ఆ కొండ మీద దేవుడికే ఆనవాయితీ అయినప్పుడు, మనకు నామోషీ ఏముంది?

వడగళ్లు మమ్మల్ని గుడికి కాస్త దిగువన పట్టుకున్నాయి. దారిలోని టీ దుకాణంలో దూరాం. రాళ్ల మీద తెల్లగా పేరుకుని కాలు పెడితే జారుతోంది. చాలాసేపటికి ఆ కుర్రాళ్లూ వచ్చారు. నిలువునా తడిసి, పళ్లు టకటకలాడుతున్నా నవ్వుతూనే ఉన్నారు. పైన మంచుపొగ తప్ప ఏమీ కనిపించలేదన్నారు.

"చూశావా బావా, వాళ్లకేం కాలేదు" అన్నాడు బావమరిది.

కాలేదు, సంతోషం. కానీ పిడుగు పడకపోవడం వాళ్ల లెక్క కాదు, వాళ్ల అదృష్టం. ఏమీ జరగలేదు కాబట్టి ఎక్కడమే సరైందని నమ్మితే, ఇంకో కొండ మీద, ఇంకో మబ్బు కింద మళ్లీ అదే చేస్తాం. వెనక్కి తిరగడంలో ఉన్న చిక్కు ఇదే: అది సరైన నిర్ణయమని రుజువు చేసే సాక్ష్యం ఎప్పటికీ దొరకదు. అప్పుడు చేతిలో ఉన్న లెక్కను నమ్మి దిగాలి, అంతే.

మర్నాడు మళ్లీ ప్రయత్నిద్దామని వాడు పట్టుబట్టాడు. గైడ్ సరేనని మూడింటికి లేపుతానన్నాడు. లేపాడు కూడా. బయట జోరున వాన. ఈసారి "పడుకుందాం బావా" అని ముందుగా అన్నది వాడే.