తల్లి వున్న గని

స్టార్ ట్రెక్‌ను కళ్ళతో చూడడానికి పదిహేనేళ్ళ ముందే నేను చెవులతో విన్నాను. చెప్పినవాడు మా మేనమామ. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆయన చూసిందైనా కుదురుగా కూర్చుని చూసింది కాదు. 1980ల నడుమ హైదరాబాదులో ఒక మిఠాయి దుకాణంలో పనికి కుదిరిన కొత్తల్లో, ఆదివారాలు యజమాని ఇంటికి సరుకు మోసుకుపోయినప్పుడు, దూరదర్శన్‌లో వచ్చే ఆ అమెరికా కథను గుమ్మానికి ఇవతల నిలబడి చూసేవాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు.

కొన్నేళ్ళకు ఆయన ఆత్రేయపురం తిరిగొచ్చి గోదావరి మీద ఇసుక పడవల్లో చేరాడు. బకెట్టు పట్టుకుని ఏటి అడుగుకు మునిగి, ఇసుక నింపుకుని పైకి తేలి, పడవలో పొయ్యడం ఆయన పని. పనిలేని రోజు సాయంకాలం నన్ను లొల్ల లాకుల దగ్గర కాలవగట్టు మీద కూర్చోబెట్టుకుని ఆ కథలు చెప్పేవాడు. ఆయన కథలో కెప్టెన్ కిర్క్ పేరు సరంగు. స్పాక్ పేరు చెవులాయన. మెకాయ్ డాట్రుగారు. ఓడ మాత్రం ఓడే. అది నీళ్ళ మీద కాక చుక్కల నడుమ పోతుందని చెప్పినప్పుడు నాకు ఏమంత వింతగా తోచలేదు. లాకుల్లో తలుపులు మూసి, నీళ్ళు నింపి, పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎత్తుతారని విన్నవాడికి, ఓడను ఆకాశానికి ఎత్తడం ఎంతపని?

విమర్శకు కేటాయించిన పుటల్లో ఈ సొంత గోల ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. నేను చెప్పదలచిన విషయమంతా ఈ గోలలోనే వుంది.

సైన్సు కథ అనగానే మనవాళ్ళు పిల్లల కాలక్షేపమని పక్కన పెడతారు. తెలుగు సాహిత్యం ఎం.ఎ. చదివిన రెండేళ్ళలో ఆ ప్రక్రియ పేరు నేను తరగతిలో ఒక్కసారీ వినలేదు. అంచేత, 2011 వేసవిలో విశాఖలో ఒక మిత్రుడి హార్డ్ డిస్కులో ఆ ధారావాహిక మొదటి సీజను దొరికినప్పుడు, దాన్ని చూడడం నాకు దాదాపు దొంగతనంలాగానే వుండేది. పగలు ప్రబంధాలు, రాత్రి స్పాక్. మొత్తం ఇరవై తొమ్మిది భాగాలు. 1966 సెప్టెంబరు 8న మొదలై 1967 ఏప్రిల్ 13తో ముగిసిన సీజను అది. జీన్ రాడెన్‌బెరీ సృష్టించగా, ఎన్.బి.సి. అనే అమెరికా టెలివిజన్ సంస్థ ప్రసారం చేసింది. అట్టముక్కల బండరాళ్ళు, రంగు దీపాల ఆకాశం, చూడగానే కుట్లు కనిపించే దుస్తులు. ఈనాటి పిల్లలకు చూపిస్తే నవ్వుతారు. నవ్వనీయండి. మన వీధి భాగవతంలో కూడా మేరుపర్వతం మూరెడే వుంటుంది.

దాని కట్టుబాటు నాకు వెంటనే పరిచయమైనదిగా తోచింది. రాజమండ్రిలో మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా కూర్చిన కాశీమజిలీ కథలు ఈ పద్ధతివే. మణిసిద్ధుడి వెంట మూట మోసుకుంటూ నడిచే గొల్లపిల్లవాడు, మజిలీ మజిలీకీ తను చూసిన వింతకు కథ చెప్పాలని షరతు పెడతాడు. చెప్పకపోతే వెనక్కి పోతానంటాడు. ఆ పిల్లవాడికి కథే కూలి. ఇక్కడ మజిలీకి బదులు గ్రహం. ఐతే ఒక తేడా వుంది. మణిసిద్ధుడి కథల్లో లోకం ఎప్పుడో కుదిరిపోయినది; వింత వెనక శాపమో పూర్వజన్మమో వుంటుంది. ఈ ఓడవాళ్ళు దిగిన చోటల్లా, ఇక్కడి మనుషులు ఇలా ఎందుకు బతుకుతున్నారు, వేరుగా బతకలేరా అని అడుగుతారు. సైన్సు కథలో నాకు విలువైనది ఆ ప్రశ్నే. రాకెట్లు లేకపోయినా నాకు లోటు తెలిసేది కాదు.

ఓడలో ఎవరెవరున్నారో కూడా చూడాలి. నల్లజాతి స్త్రీ అధికారిగా కూర్చుని వుంది. ఆమె పక్కన పని చేసే సులు పాత్ర వేసిన జార్జి టకేయి, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాను సంతతివాడైన పాపానికి, పసితనంలో అమెరికా ప్రభుత్వపు నిర్బంధ శిబిరాల్లో గడిపినవాడు. రష్యా యువకుడు మాత్రం ఈ సీజనులో లేడు, రెండవ సీజనులో గాని రాలేదు. ఊహురాగా నటించిన నిషెల్ నికోల్స్ మొదటి సీజను చివర మానేద్దామని నిశ్చయించుకున్నదట. మార్టిన్ లూథర్ కింగ్ కలిసి, నువ్వు మానడానికి వీల్లేదు అన్నాడని ఆమె తరవాత పలుచోట్ల చెప్పుకుంది.

ఈ ఇరవై తొమ్మిదింటిలో నేను పదే పదే చూసింది 1967 మార్చి 9న వచ్చిన "ది డెవిల్ ఇన్ ది డార్క్". జీన్ కూన్ రాశాడు. మావయ్య గట్టు మీద చెప్పిన వాటిలో నాకు పూర్తిగా గుర్తున్నది కూడా అదే.

కథ ఇది. ఒక గ్రహంలో గని. లోపల ఏదో జీవి రాతిని వెన్నలా కరిగించుకుంటూ తిరుగుతోంది, పనివాళ్ళను చంపుతోంది. యాభైమందికి పైగా పోయారు. సరంగును పిలిపించారు. పని సులువు: వెతికి చంపడం. గని యజమాని బల్ల మీద గుండ్రటి రాళ్ళు అలంకారంగా వున్నాయి. కింది అంతస్తులో అలాంటివి వేలకొద్దీ దొరికాయి, ఎందుకూ పనికిరావని చాలా పగలగొట్టారు. చెవులాయనకు మొదటినుంచీ అనుమానమే. ఈ జీవి తన జాతిలో చివరిదేమో, చంపడం నేరమేమో అంటాడు. తీరా సరంగు ఒంటరిగా దాని ఎదట పడ్డాడని తెలిసేసరికి, చంపెయ్యండి అని తొందరపెట్టేదీ ఆ చెవులాయనే. చంపడానికి వచ్చిన సరంగు ఆయుధం దించుతాడు. నాటకీయత అంటే ఇది. వాదించినవాడు భయంతో వాదం మార్చుకున్నాడు. వాదం లేనివాడు ఎదట వున్న గాయాన్ని చూసి ఆగాడు.

అప్పుడు చెవులాయన ఆ రాతిముద్ద మీద చేతులు ఆనించి దాని బాధను తన గొంతుతో అరుస్తాడు. అది తల్లి. యాభైవేల ఏళ్ళకొకసారి ఆ జాతి అంతా నశించి, గుడ్లు కాయడానికి ఒక్క తల్లి మిగులుతుంది. గుండ్రటి రాళ్ళు ఆ గుడ్లు. గనివాళ్ళు పగలగొడుతున్నది దాని పిల్లల్ని.

హోర్టా అనే ఆ జీవి వేషం జానోస్ ప్రొహాస్కా అనే ఆయన తనే తయారుచేసుకుని, తనే అందులో దూరి నేల మీద పాకాడు. కప్పిన దుప్పటి కింద మనిషి పాకుతున్నట్టు తెలిసిపోతూనే వుంటుంది. ఐనా ఆ ముద్ద రాతి మీద ఆమ్లంతో నాలుగక్షరాలు రాసినప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మావయ్య కథలో, నిజం తెలిశాక గనివాళ్ళు ఒక్క మాట మాట్లాడరు. పలుగులు కింద పెడతారు, దీపాలు పట్టుకుంటారు, వరసగా బయటికొచ్చేస్తారు. "తల్లి వున్న ఇంట్లో ఎవడు తవ్వుతాడ్రా?" అని ఆయన లేచి లుంగీ దులుపుకునేవాడు. కథ అయిపోయింది.

విశాఖలో ఆ గదిలో అసలు ముగింపు చూసి నేను నమ్మలేక వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అసలు కథలో గని మూతపడదు. సరంగు రాజీ కుదురుస్తాడు. పుట్టిన హోర్టా పిల్లలు వాటి సహజ ధర్మం కొద్దీ సొరంగాలు తవ్వుతాయి, గనివాళ్ళు లోహం ఏరుకుంటారు, పిల్లల జోలికి పోరు. ఆఖరున యజమాని, ఇవి చూడ్డానికి అలవాటుపడితే మంచివే, మేం సిగ్గుపడేంత ధనవంతులం కాబోతున్నాం అని కబురు చేస్తాడు. ఓడలో అందరూ నవ్వుతారు.

ఈ రాజీలో తల్లికి దక్కిందేమిటి? మిగిలిన పిల్లల్ని చంపకుండా వుంటామన్న మాట. చంపకపోవడాన్నే కూలిగా లెక్కగట్టిన ఒప్పందం అది. పగిలిన గుడ్లకు లెక్కలేదు. భూమి ఎవరిదన్న ప్రశ్న లేదు. పరాయి ప్రాణిని ప్రాణిగా గుర్తించడం దగ్గర అంత ఎత్తుకు ఎగిరిన రచయిత, ఆ ప్రాణికి బతికే హక్కు అది ఉపయోగపడడం వల్లనే స్థిరపడినట్టు చూపించి కిందికి దిగిపోయాడు. హోర్టాకు తవ్వడం చేతకాకపోతే ఏమయ్యేది?

ఇలా రాస్తే మిత్రులు నన్ను యాంత్రిక విమర్శకుడనవచ్చు. మనలో ఆ దురలవాటు లేదని నేననను. ఒక రచన నూటికి తొంభైపాళ్ళు మనిషిని కదిలించినా, మిగతా పదిపాళ్ళు పట్టుకుని దాన్ని గోడకు నిలబెట్టడం మనకు సరదా. అంచేత గనివాళ్ళ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. చచ్చిపోతున్నవాళ్ళు వాళ్ళు. గుడ్లని తెలిసి పగలగొట్టలేదు. తెలిశాక ఆగారు. తెలిసిన తరవాత ఆగనివాళ్ళు ఎందరో వున్న లోకంలో అది చిన్న సంగతి కాదు. ఐనా ముగింపు నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు.

అదే సీజనులో అందరూ తలమీద పెట్టుకునే "ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్" గురించీ ఈ పేచీయే. హార్లన్ ఎలిసన్ రాసిన దీనికి 1968లో హ్యూగో బహుమతి వచ్చింది. సరంగు కాలంలో వెనక్కి, 1930 నాటి న్యూయార్కుకు పోతాడు. ఆకలిమాడిన వాళ్ళకు గంజిపోసే ఎడిత్ కీలర్ అనే స్త్రీని ప్రేమిస్తాడు. ఆమె బతికితే శాంతి ఉద్యమం నడిపి అమెరికాను యుద్ధంలోకి ఆలస్యంగా పోనిస్తుంది, హిట్లరు గెలుస్తాడు. కనుక ఆమె వాహనం కింద పడి చావాలి. రక్షించబోయిన డాట్రుగారిని సరంగు పట్టుకుని ఆపాలి. నాజీలను ఆపడం అవసరమనడంలో నాకు పేచీ లేదు. కాని ఇది ప్రసారమైంది 1967 ఏప్రిల్ 6న. అంతకు రెండు రోజుల ముందు, అదే న్యూయార్కులో, రివర్‌సైడ్ చర్చిలో నిలబడి మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధాన్ని ఆపమన్నాడు. ఆ వారం శాంతి కోరే మనిషి సదుద్దేశంతోనే దేశానికి చేటు తెస్తుందన్న కథ ఇళ్ళలోకి వెళ్ళింది. రచయిత ఆ ఉద్దేశంతో రాశాడని నేననను. కథకు రచయిత ఉద్దేశంతో పాటు ప్రసారమైన తేదీ కూడా వుంటుంది.

దీనికి రెండు వారాల ముందు, మార్చి 23న, అదే కూన్ రాసిన "ఎర్రండ్ ఆఫ్ మెర్సీ" వచ్చింది. ఇరుపక్షాల ఆయుధాలనూ పనిచెయ్యకుండా చేసేసిన గ్రహవాసులతో, యుద్ధం చేసుకునే హక్కు మాకుంది అని సరంగు రంకెలు వేసి, తను ఏమంటున్నాడో తనకే తట్టి సిగ్గుపడతాడు. ఈ సీజనును నేను ప్రేమించేది ఇందుకే. తనతో తనే పేచీ పడుతుంది.

ఇక గత సంక్రాంతి సంగతి. ఏట్లోకి యంత్రాలు దిగాక మావయ్యకు మునిగే పని తగ్గుతూ వచ్చి, పోయింది. ఏళ్ళ తరబడి మునిగిన చెవులు కూడా పోయాయి. కుడిచెవి కొద్దిగా పనిచేస్తుంది. మా ఇంటి పెరట్లో మంచం మీద లాప్‌టాప్ పెట్టి, ఆయన్ను కూర్చోబెట్టి, హోర్టా కథ వేశాను. పక్కనే అమ్మ బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగుతూ రేకులు తీస్తోంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊరు పేరు పత్రికల్లో వచ్చింది. కుండ సెగ మాత్రం ఎప్పటిలాగే అమ్మ మొహానికి కొడుతుంది.

బొమ్మ కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు మావయ్య చదవలేడు, మాటలు వినలేడు. అందుకని కుడిచెవి దగ్గర నోరు పెట్టి నేను కథ చెప్పవలసి వచ్చింది. ఆ ముద్దకు సరంగు మొహం కన్నా చెవులాయన చెవులే నచ్చాయట అని చెబితే ఆయన పడి పడి నవ్వాడు. ముగింపు దగ్గరపడుతున్నకొద్దీ నాకు గుబులు మొదలైంది. చెబుతున్నవాణ్ణి నేను. గనివాళ్ళు దీపాలు పట్టుకుని బయటికొచ్చేశారు అని ఒక్క మాట అంటే సరిపోతుంది, ఆయనకు తెలిసే దారి లేదు. కాని తరగతిలో పాఠం తప్పు చెప్పకూడదని పిల్లలకు బోధించేవాణ్ణి. ఉన్నదున్నట్టు చెప్పాను.

"పిల్లలు బతికాయా?" అంది అమ్మ, రేకు తీస్తూనే.

"బతికాయి. గనిలో తవ్వుతున్నాయి."

మావయ్య చాలాసేపు తెర వంక చూశాడు. "నీ దాంట్లో చివర కోసేశార్రా," అన్నాడు.

"కొయ్యలేదు మావయ్యా. ఇంతే కథ. నువ్వు చివరిదాకా చూశావా?"

"ఆయ్, చూడకేం! మధ్యలో డబ్బాలు దింపమని కేకేశారు. దింపి వచ్చేసరికి ఓడలో అందరూ నవ్వుతున్నారు. అంత నవ్వుతున్నారంటే గని ఒదిలేసి వచ్చినట్టే గదా. ఇంకేం జరిగుంటుంది?"

అమ్మ కుండ కిందికి ఇంకో కొబ్బరిమట్ట తోసింది. రెండో కథ వెయ్యమన్నాడు మావయ్య.