ఆపుతాడు కదా అనుకున్నాను

మా పెద్దోడు కాసేపు ఆపుకోగలిగేవాడు. నన్ను తప్పుదోవ పట్టించింది అదే.

ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. ఆరేళ్ళప్పుడు వాడు కళ్ళు టపటపా ఆర్పడం మొదలుపెట్టాడు. కంటి డాక్టరు చూసి చూపు బాగానే ఉందన్నాడు. కొన్నాళ్ళకు కళ్ళు ఊరుకున్నాయి, గొంతు అందుకుంది. మగ్గం చప్పుడులోనూ వినబడేట్టు 'హుం, హుం' అనేవాడు. దగ్గు మందు తాగించాం. తర్వాత భుజం ఎగరేయడం వచ్చింది. మా అమ్మ దిష్టి అని పెనుకొండ బాబయ్య దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నేను మాత్రం పొగరు అనుకున్నాను. "ఎందుకు చేస్తావురా?" అంటే "నేను చేయలేదు నాయనా, అదే వస్తాది" అనేవాడు. గట్టిగా కసిరితే ఆపేవాడు. తన చేతిలో లేనిదైతే ఎట్లా ఆపుతాడని నా వాదన.

బడిలో పెద్దగా చేయడు, ఇంటికొచ్చాక సాయంత్రమంతా ఆగడు. అయ్యవారంటే భయముంది, నేనంటే లేదు అని తేల్చుకుని చేయి చేసుకున్నాను. కొద్ది రోజులకు తగ్గింది. నా దెబ్బ పని చేసిందని నేను, తాయెత్తు పని చేసిందని మా అమ్మ. నెల తిరక్కుండానే మళ్ళీ మొదలైంది.

మా వైపు అంతుపట్టని జబ్బంటే బెంగళూరు రైలెక్కుతాం. అక్కడ నరాల డాక్టరమ్మ ముందు నన్నే రెప్ప వేయకుండా కూర్చోమంది. బిగబట్టి కూర్చున్నాను. కళ్ళు మండి, నీళ్ళు కారి, చివరికి గబగబా ఆర్పేశాను. "ఇప్పుడు మీరు కావాలని ఆర్పారా?" అని అడిగింది. జవాబు తోచలేదు.

వీటిని టిక్స్ అంటారని చెప్పింది. రాబోయే ముందు ఒంట్లో ఆ చోట ఒక ఒత్తిడి పుడుతుంది, చేస్తేనే తీరుతుంది. చిన్నపిల్లల్లో చాలామందికి ఆ ఒత్తిడి ఉందని చెప్పడం కూడా చేతకాదు. టిక్స్ వాటంతటవే పెరుగుతాయి, తగ్గుతాయి, చోటు మారతాయి. బాగా ఎక్కువైనప్పుడే మనం ఏదో ఒక వైద్యం చేస్తాం కాబట్టి, తర్వాత తగ్గితే ఆ పేరు దానికి పోతుంది. దగ్గు మందుకైనా, దెబ్బకైనా.

కదలికలూ శబ్దాలూ రెండూ ఉండి ఏడాది దాటితే టూరెట్ సిండ్రోమ్. 1885లో పారిస్‌లో తొమ్మిది మంది రోగుల గురించి రాసిన జార్జ్ జీల్ ద లా టూరెట్ పేరు అది. బూతులు వాటంతటవే నోట రావడం కొద్దిమందిలోనే ఉంటుంది. వంశంలో కూడా వస్తుందని ఆమె అన్నాక మా అమ్మ నోరు విప్పింది. చిన్నప్పుడు నేనూ మెడ విదిలించేవాణ్ణట.

మామూలుగా పది, పన్నెండేళ్ళ మధ్య ఉధృతంగా ఉండి, పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. బాగా ఇబ్బంది పెడితే మందులున్నాయి. శిక్షణ కూడా ఉంది. ఒత్తిడి మొదలవడం గుర్తుపట్టి, గొంతు సవరించుకునే బదులు ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం లాంటిది. 2010లో అమెరికాలో 126 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఈ శిక్షణ పొందినవాళ్ళలో సగం మందికి పైగా మెరుగయ్యారు. జబ్బు గురించి వివరించి ధైర్యం చెప్పడంతో సరిపెట్టినవాళ్ళలో అయిదో వంతు లోపే.

అయ్యవారికి చెప్పి, శబ్దాన్ని పట్టించుకోవద్దని, అడిగితే బయటికి పోయిరానివ్వమని కోరాం. ఇంట్లో 'ఆపరా' మాట మానేశాం. కంగారు పెడితే టిక్స్ ఎక్కువవుతాయి, నేను ఏళ్ళ తరబడి చేసింది ఆ పనే. ఇప్పుడు పెళ్ళిళ్ళలో బంధువులెవరైనా వాడిని కసరబోతే ముందు నేనే అడ్డం పోతాను. వాడికి పూర్తిగా పోలేదు. పరీక్షలప్పుడు భుజం ఇంకా ఎగురుతుంది.

ఇట్లాంటి పిల్లలున్నవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. బడిలో బాగుండి ఇంట్లో ఎక్కువైందంటే మీరంటే లెక్కలేక కాదు. పొద్దుటి నుంచి బిగబట్టుకుని వచ్చాడు. మీ ఇంట్లోనైనా వదలనివ్వండి.