బొగ్గు ఊళ్లో తెల్ల కారు

మంచిర్యాల నుంచి శ్రీరాంపూర్ రోడ్డెక్కితే పది కిలోమీటర్లు పోకముందే నస్పూర్ వచ్చేస్తుంది. ఆటో ఆపి "నస్పూర్ పోతదా అన్నా?" అని అడిగి చూడండి. "సీసీసీ కార్నర్లనా, లోపటికా?" అని మిమ్మల్నే తిరిగి అడుగుతాడు. సీసీసీ అంటే కోల్ కెమికల్ కాంప్లెక్స్. ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలే ఇక్కడ ఒక అడ్డాకు పేరై నిలిచిపోయాయి. ముసలమ్మలు కూడా "సీసీసీల దిగుత" అనే అంటారు.

కాగితాల మీద ఊరు బాగానే పెరిగింది. 2018లో మున్సిపాలిటీ అయింది. 2023 జూన్‌లో మంచిర్యాల జిల్లా కొత్త కలెక్టరేట్ ఇక్కడే మొదలైంది. 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. కానీ గడియారం మాత్రం ఇప్పటికీ సింగరేణిదే. ఎవరింట్లో ఎప్పుడు వంటయితదో, ఏ సందులో ఎప్పుడు బండి చప్పుడు వస్తదో అంతా షిఫ్టును బట్టే. నైట్ షిఫ్ట్ చేసొచ్చినోళ్లు పడుకున్నారని పగలు పదింటికి కూడా పిల్లల్ని "మెల్లగ ఆడుకోండ్రి" అని కసిరే ఊరు మాది.

బొగ్గు ఊరన్నాక దుమ్ము ఉంటుంది. ఉతికి ఆరేసిన అంగీ మీద, కిటికీ చువ్వల మీద, చెట్ల ఆకుల మీద సన్నగా కూర్చుంటుంది. అలాంటి ఊళ్లో మా బాపు కొన్న కారు రంగేంటో తెలుసా? తెలుపు.

బోనస్ పైసల కారు

సింగరేణిలో దసరాకు ముందు ఒకటే ముచ్చట: ఈసారి లాభాల వాటా ఎంత శాతం? 2024లో కంపెనీ లాభంలో విస్తరణ పనులకు పక్కన పెట్టింది పోను మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేలు. ఆ డబ్బు కొందరికి బిడ్డ పెళ్లికి పెట్టిన అప్పులో పోతుంది, కొందరికి బంగారమైతది, కొందరికి బండి అయితది.

బాపుకు పదేళ్ల కింద ఆ వాటా మారుతి 800 అయ్యింది. సెకండ్ హ్యాండ్, 2009 మోడల్. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళంచెవులు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 2014లో తయారీ ఆగిపోయింది. ఆ ముప్పై ఏళ్లలో ఈ దేశంలో ఎన్ని ఇళ్లకు అది మొదటి కారో. మా ఇంటికి కూడా అంతే. ముప్పై ఏండ్లు భూమి కిందికి దిగి, చీకట్లో నడిచి, బొగ్గు నింపిన మనిషి, రిటైర్ కాకముందే స్టీరింగ్ పట్టుకుని పగటి వెలుతుర్లో రోడ్డు మీద పోవాలనుకున్నాడు. కొన్న వారం రోజులకే గూడెం గుట్టకు తీసుకుపోయి సత్యనారాయణస్వామి ముందు పూజ చేయించాం. తెలంగాణ అన్నవరం అంటారు దాన్ని.

కారు కడగడానికి బాపుకు ఒక పద్ధతుంది. పొడి బట్టతో తుడవనివ్వడు. దుమ్ములో సన్నటి రాతి రేణువులుంటయి, పొడిగా రుద్దితే రంగు మీద గీతలు పడతయి. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనివ్వాలి, తర్వాతే గుడ్డ. "రంగు ఒక్కసారి పోయిందంటే పోయినట్టే" అంటాడు.

ఇక ఆ కారున్న ఇంట్లోకి ఏడేండ్లు తిరిగేలోపు ఇద్దరు పిల్లలొచ్చారు. ఇప్పుడు మా బిడ్డకు ఏడు, చిన్నోనికి నాలుగు.

బానెట్టే పలక

దుమ్ము పట్టిన తెల్ల బానెట్ పిల్లల కంటికి ఎలా కనిపిస్తుందో పెద్దవాళ్లకు తెలియదు. అది పలక. మొదట వేలితో సూర్యుడు, ఇల్లు, రెండు కొండలు. మా బిడ్డ గీసే కొండలు మామూలు కొండల్లా ఉండవు, పైన చదునుగా ఉంటాయి. ఓపెన్ కాస్ట్ మట్టి తెచ్చి పోసిన గుట్టలే తను చూసిన కొండలు మరి! తర్వాత చిన్నోడు వచ్చి, వేలితో గీస్తే సరిగ్గా పడటం లేదని కంకర రాయి అందుకున్నాడు. డ్రైవర్ వైపు తలుపు మీద వాడు రాసిన "అ" ఇప్పటికీ ఉంది. బాపు రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడో రోజు పలక, బలపం కొనుక్కొచ్చాడు. ఆ "అ" మీద రంగు వేయిస్తనంటే మాత్రం "ఉండనియ్" అన్నాడు.

తర్వాత చీమలు. వెనక సీటు సందులో బిస్కెట్ పొడి, మురుకుల ముక్కలు, సగం చప్పరించిన చాక్లెట్. ఒక ఆదివారం తలుపు తీస్తే సీటు బెల్టు పట్టుకుని నల్లచీమలు ఫస్ట్ షిఫ్ట్‌కు పోయినట్టు వరుసగా పోతున్నాయి. బాపు బొగ్గుబాయిలో ఎలుకలతో కలిసి సద్ది తిన్నవాడే, కానీ కారులో చీమను మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

గోదారి ఇసుక సంగతి చెప్పనక్కర్లేదు. ఘాట్‌కు ఒక్కసారి పోయొస్తే నెల రోజులు మ్యాట్ల కింద నుంచి వస్తూనే ఉంటుంది. గాంధారి ఖిల్లా చూసొచ్చిన రోజు జేబుల నిండా రాళ్లు, ఆ రాళ్లన్నీ డిక్కీలో. జన్నారం అడవి దారిలో మలుపు మలుపుకీ వాంతి. ముందు సీట్లో పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్ అవసరమైన ప్రతిసారీ సీటు కిందికి జారి ఉంటుంది. ఇది పిల్లలున్న ఏ ఇంట్లోనైనా రూలే.

ఒకసారి తాళంచెవి కనిపించలేదు. ఇల్లంతా తిప్పి, క్వార్టర్ల లైనంతా అడిగి, మంచం కింద టార్చి వేసి చూశాం. నాలుగో రోజు అమ్మ అన్నానికి బియ్యం తీస్తుంటే డబ్బాలో దొరికింది. "బండికి ఆకలైతది కదా" అన్నాడు చిన్నోడు. వాని లెక్క వానిది.

కరిగిన రంగులు

ఈ ముచ్చట్లన్నీ నవ్వుకునేవే. నవ్వు రానిది మే నెలతో మొదలైంది.

ఎండాకాలం మంచిర్యాల, రామగుండం పేర్లు రోజూ వార్తల్లో ఉంటాయి. 45 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. ఒక మధ్యాహ్నం మా బిడ్డ మైనం రంగుల డబ్బా వెనక సీట్లో ఉండిపోయింది. సాయంత్రం చూస్తే ఎరుపు, పసుపు, నీలం కలిసి సీటు మీద ముద్దయి ఉన్నాయి. పిల్ల ఏడ్చింది. బాపు సీటును గోకుతూ గోకుతూ ఆగి, "గంత వేడా లోపట?" అన్నాడు. మైనం రంగులు అలా కరిగి ముద్ద కావాలంటే సుమారు 50 డిగ్రీలుండాలి.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఆపి ఉంచిన కారులో వేడిని కొలిచి 2005లో ప్రచురించారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. పైగా పెద్దవాళ్ల కంటే పిల్లల ఒళ్లు మూడు నుంచి ఐదు రెట్లు తొందరగా వేడెక్కుతుంది. ఇది దూరదేశం సంగతి అనుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఆగి ఉన్న కారులోకి ఆడుకోవడానికి ఎక్కిన ఇద్దరు చిన్నారులు బయటికి రాలేక చనిపోయారు. మరుసటి నెలలోనే విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు అలాగే పోయారు.

ఆ వార్తలు చదివిన ఎండాకాలమే మా ఇంట్లో ఇది జరిగింది. ఆదివారం, పొద్దున పదకొండు. బాపు కారు కడిగాడు. మ్యాట్లు గోడ మీద ఆరేశాడు. పిల్లలిద్దరూ చుట్టూ తిరుగుతున్నారు. బకెట్ పెట్టొచ్చేంతలో చిన్నోడు లోపలికెక్కి తలుపు వేసుకున్నాడు. మారుతి 800కి తలుపు మీద చిన్న గుబ్బలుంటాయి, నొక్కితే లాక్. వానికి అది ఆట. ముందు రెండు, వెనక రెండు, నాలుగూ నొక్కేశాడు. తాళంచెవి లోపల, స్టీరింగ్ దగ్గరే.

మా బిడ్డ ఉరికొచ్చి చెప్పింది: "తాతా, తమ్ముడు లాక్ వెట్టుకున్నడు."

మొదట అందరం నవ్వుతూనే పోయాం. "గుబ్బ పైకి గుంజు నానా" అంటే వాడు చప్పట్లు కొట్టాడు. మా ఆమె సైగలు చేసింది, బొమ్మ చూపించింది. వాడు హారన్ కొట్టాడు. రెండు నిమిషాలకు వాని మొహం ఎర్రబడింది. గుబ్బ పట్టుకున్నాడు, తడి వేళ్లకు జారింది. అప్పుడు ఏడుపు మొదలైంది. ఏడుపు మొదలయ్యాక మేం చెప్పేదేదీ వానికి వినపడలేదు. పక్కింటి అన్న ఇనుప స్కేలు పట్టుకొచ్చి అద్దం సందులో దూర్చి కొక్కెం కోసం వెతుకుతున్నాడు. ఒకరు మెకానిక్‌కు ఫోన్ చేస్తున్నారు, అతను సీసీసీ నుంచి రావాలి.

బాపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లోకి పోయి సుత్తె తెచ్చాడు. చిన్నోడు డ్రైవర్ సీట్లో ఉన్నాడు, బాపు చుట్టు తిరిగి వెనక ఎడమ వైపు తలుపు దగ్గరికి పోయాడు. "పదినిమిషాలల్ల మెకానిక్ వస్తడంట కాకా" అని ఎవరో అన్నారు. అప్పటికే సుత్తె పడింది. అద్దం అటుకుల్లా రాలింది. చెయ్యి లోపల పెట్టి గుబ్బ గుంజి, తలుపు తీసి, సీట్ల మధ్య నుంచి పిల్లగాణ్ణి బయటికి లాగాడు. చెయ్యి రెండుచోట్ల గీరుకుపోయింది. పొడి బట్ట తగిలితే ఊరుకోని మనిషి, ఆ కారు వైపు తిరిగి కూడా చూడలేదు. బకెట్‌లో మిగిలిన నీళ్లతో మనుమడి తల తడుపుతూ కూర్చున్నాడు.

ల్యాంప్ రూం లెక్క

సాయంత్రం బాపు బాయి సంగతి చెప్పాడు. కిందికి దిగేముందు ప్రతి మనిషీ ల్యాంప్ రూంలో తన నంబరున్న బిళ్ల ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. షిఫ్ట్ అయిపోయాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ల ఇంకా వేలాడుతుందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. "ఇంటికి పోయిండు కావచ్చు" అనే మాట అక్కడ చెల్లదు. వెతకాల్సిందే.

మర్నాడు బాపు రెండు డబ్బా మూతలకు బొక్కలు పెట్టి, ఒకదానికి ఎర్ర రంగు, ఒకదానికి పచ్చ రంగు వేశాడు. గోడకు కారు తాళంచెవి మేకు పక్కన ఇంకో రెండు మేకులు కొట్టాడు. కారెక్కేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు తీసుకోవాలి. దిగి ఇంట్లోకి వచ్చాక ఎవరిది వాళ్లే తగిలించాలి. రెండు బిళ్లలూ మేకుల మీదకు రాకుండా తాళంచెవి మేకు మీదకు పోదు. కారు కడిగే రోజు కూడా ఇదే రూలు. తాళంచెవి బాపు మొలతాడుకు ఉంటుంది, తలుపులు ఒక్కొక్కటే తీసి తుడుస్తాడు.

పిల్లలకిది ఇప్పుడు ఆటల్లోకెల్లా పెద్ద ఆట. పొరపాటున కూడా మర్చిపోరు. మేం మర్చిపోతే వాళ్లే గుర్తు చేస్తారు.

మీ ఇంటికి ఈ దసరాకు కారొస్తుంటే పూజ కొబ్బరికాయతో పాటు ఇంకొన్ని పనులు పెట్టుకోండి. వెనక తలుపు అంచులో చైల్డ్ లాక్ ఎక్కడుందో చూడండి. అది వేసి ఉంటే వెనకున్న పిల్లలు లోపలి నుంచి తలుపు తీయలేరు. రోడ్డు మీద అది మంచిదే, ఆపిన కారులో కాదు. గుబ్బ ఎలా లాగాలో, హారన్ ఎలా కొట్టాలో పిల్లలకు నేర్పండి. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు లేదా చైల్డ్ సీటు లేకపోతే వెయ్యి రూపాయల ఫైన్. ఎవరైనా లోపల ఇరుక్కుంటే పిల్లలకు దూరంగా ఉన్న పక్క అద్దం పగలగొట్టండి. అద్దం ఖరీదు తర్వాత అడగొచ్చు.

మా కారుకు కొత్త అద్దం వేయించాం. మిగతా మూడింటికంటే కొంచెం ఎక్కువ మెరుస్తుంది. కొత్తగా చూసినోళ్లు "ఏమైంది?" అని అడిగితే బాపు "రాయి దాకింది" అని తప్పిస్తాడు. మొన్న గోడ మీద మూడో మేకు కనిపించింది, దానికి నీలం రంగు మూత. ఎవరిదని అడిగితే చిన్నోడు నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

"తాతది. తాత గూడ దిగిండో లేదో సూడాలె గద."