సొంత సర్వర్, పరాయి తీగ

భీమవరంలో రొయ్యల వ్యాపారం చేసే ఒక ఆఫీసుకి మాటలు, వీడియో, చాటింగు అన్నీ సొంత సర్వర్ మీద నడిచే ఏర్పాటు చూసిపెట్టమన్నారు. ఏ కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కకి) ఎంత రేటు ఇస్తున్నారో, రేపు పట్టుబడి ఏ చెరువులోనో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మేనేజరు గారికి నచ్చలేదు. పని మానేసి వెళ్లినవాళ్లూ ఆ గ్రూపుల్లో ఉండిపోతారు మరి.

దానికితోడు 2021 అక్టోబరు 4 అందరికీ గుర్తే. మనకు రాత్రి తొమ్మిది దాటాక ఆగిన వాట్సాప్, ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు లేవలేదు. చెరువులకి రాత్రి కాపలా వేళ అది. చీకట్లో నీళ్లలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇవ్వకపోగా ఉన్నది పీల్చేస్తుంది. తెల్లారగట్ల నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. నీళ్లకి గాలి అందించే ఏరేటర్ ఆగిందన్న కబురు అప్పుడు అందకపోతే పంట పోయినట్టే.

సాఫ్ట్‌వేర్లకి కొదవ లేదు: జిట్సీ, మ్యాటర్‌మోస్ట్, రాకెట్‌చాట్, మంబుల్, మ్యాట్రిక్స్. ఫ్రాన్సు ప్రభుత్వం 2019లో తన ఉద్యోగులకి తెచ్చిన చాప్ యాప్‌కి ఆధారం ఈ మ్యాట్రిక్సే. ఎవరు పోల్చి చెప్పినా ముందు వీడియో గురించే చెబుతారు. జిట్సీ అందరి బొమ్మల్నీ కలిపి ఒకటి చేయదు, వచ్చినదాన్ని మిగతావాళ్లకి పంచుతుంది. ప్రాసెసర్‌కి సుఖం, లైనుకి కష్టం. బయటి నుంచి పదిమంది కెమెరాలు తెరిస్తే ఒక్కొక్కరికీ తొమ్మిదేసి బొమ్మలు ఆఫీసు అప్‌లోడ్ మీదే వెళ్లాలి.

గట్టు మీద కాపలా ఉండే పెద్దాయన ఈ గొడవంతా ఒక్క మాటతో తేల్చేశాడు. “ఆయ్, బొమ్మెందుకండీ? బొత్తాం నొక్కి మాట్లాడితే అటు వినపడితే చాలండీ.” తడి చేతులతో టైపు కొట్టమనడం అన్యాయమే. బొత్తాం నొక్కి మాట్లాడే పద్ధతి మంబుల్‌లో ఉంది. అందులో గొంతుని కుదించే ఓపస్‌కి సెకనుకి ముప్ఫై, నలభై కిలోబిట్లు దొరికినా మాట స్పష్టంగా వస్తుంది. రేట్లు, లెక్కలకి మ్యాటర్‌మోస్ట్. వీడియో ఎప్పుడో నెలకోసారి.

ఇంతవరకూ సులువే. సర్వర్ మన గదిలో ఉన్నా, అక్కడికి చేరే దారి మనది కాదు. మామూలు కనెక్షన్లలో ఒకే ఐపీ చిరునామాని చాలామంది పంచుకుంటారు కాబట్టి విడిగా స్టాటిక్ ఐపీ కొనాలి. నిద్రపోతున్న ఫోన్‌ని లేపే నోటిఫికేషన్ సాధారణంగా గూగుల్ మీదుగానే వస్తుంది. అసలు 2021లో ఫేస్‌బుక్‌కి జరిగిందీ ఇదే: సర్వర్లు చెడలేదు, నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశంతో వాటి మధ్య దారులు తెగిపోయాయి. చివరికి బాగుచేయాల్సిన ఉద్యోగుల పరికరాలు కూడా పనిచేయలేదు.

పక్కనే కోనసీమ ఉంది. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక అక్కడ రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి చేరారు. అలాంటి రోజు వస్తే మన సర్వర్ ఆఫీసు గోడల మధ్య చక్కగా పనిచేస్తుంది. గట్టు మీద మాత్రం మూగబోతుంది.

అందుకే మేనేజరు గారికి కొన్ని విషయాలు రాసిచ్చాను. సర్వర్‌కీ రూటర్‌కీ ఇన్వర్టర్, వాటి పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర. గట్ల మీది కీప్యాడ్ ఫోన్లు తీసేయకూడదు. ఏరేటర్ ఆగితే ముందు మామూలు కాల్ చేయాలి, మంబుల్ ఆ తర్వాతే.